బిడ్డ ఎవరి సొత్తు?

(నయాపూల్ ప్రాంత కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మీలో చాలామంది ఈ సాయంత్రము అఫ్జల్‌గంజ్ వైపు నుండి నయాపూల్ దాటి వచ్చినారు. వంతెన దిగగానే కుడిచేతి వైపు మూసీ ఒడ్డున హైకోర్టు, దాని పక్కనే సిటీ కాలేజీ. తీర్పు చెప్పే చోటు, చదువు చెప్పే చోటు ఇరుగుపొరుగుగా ఉన్నవి. నేటి మన అంశమునకు ఈ రెండింటితోను పని ఉన్నది. పిల్లల చదువును నిర్ణయించే అధికారము తల్లిదండ్రులదా, ప్రభుత్వముదా?

మోషే తల్లిని జ్ఞాపకము చేసికొందాము. మగబిడ్డలను నదిలో పారవేయవలెనని ఫరో ఆజ్ఞాపించగా ఆమె తన బిడ్డను మూడు నెలలు దాచినది. తరువాత ఫరో కుమార్తెయే జీతమిచ్చి ఆ బిడ్డను ఆమె చేతికే పెంపకమునకు అప్పగించినది. పెరిగి పెద్దవాడై అతడు ఐగుప్తీయుల విద్యలన్నియు అభ్యసించినాడు. బిడ్డ ప్రాణము తీయవచ్చిన రాజాజ్ఞను ఆ తల్లి ఎదిరించినది. బిడ్డకు మేలు చేయవచ్చిన రాజగృహమునకు అడ్డుపడలేదు. ఏది ఎదిరించవలెనో, ఏది అంగీకరించవలెనో తెలిసికొనే ఈ వివేచన మనకును కావలెను.

మన నగర చరిత్రనే చూడండి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పుట గొప్ప కార్యమే. అయితే నిజాం రాజ్యములో అధిక సంఖ్యాకుల ఇంటి భాష తెలుగు, మరాఠీ, కన్నడము. తమ ఆడపిల్లలు తమ భాషలో చదువవలెనని కోరిన తల్లిదండ్రుల కొరకు మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగు బాలికల పాఠశాలను స్థాపించినారు. సర్కారు గుర్తింపు దొరకక, కార్వే మహిళా విశ్వవిద్యాలయ పరీక్షలకు బాలికలను పంపినారు.

కాలము మారినది గాని ప్రశ్న మారలేదు. ప్రాథమిక తరగతులలో మాతృభాషనే మాధ్యమముగా విధించిన కర్ణాటక ప్రభుత్వముతో, ఆ నిర్ణయము తల్లిదండ్రులదని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులలో ఇంగ్లీషు మాధ్యమమును విధించగా, 2020 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసినది. ఒకచోట విధించినది అమ్మభాష, మరొకచోట ఇంగ్లీషు. రెండు చోట్లను తప్పు విధించుటలోనే ఉన్నది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన కూడ పిల్లల విద్యా విధానమును ఎన్నుకొనే మొదటి హక్కు తల్లిదండ్రులకే ఇచ్చినది.

అయితే ఇక్కడితో ముగించి ఇంటికి వెళ్లినట్లయితే మనము సగము సత్యమే విన్నవారమగుదుము. 2015 జనవరిలో పోలీసులు ఈ పాతబస్తీలోనే గాజుల కార్ఖానాలనుండి రెండు వందలమందికి పైగా పిల్లలను విడిపించినారు. వారిలో ఎక్కువమంది బీహారు పిల్లలు. దళారులు పేద తల్లిదండ్రులకు కొంత సొమ్ము ముట్టజెప్పి తెచ్చినవారు. ఇరుకు గదులలో పొద్దస్తమానము గాజులకు రాళ్లు అంటించినారు. ఆ తండ్రి, "నా బిడ్డ, నా ఇష్టము" అనవచ్చునా? అనరాదు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టము, 6 నుండి 14 ఏండ్ల బిడ్డను బడిలో చేర్పించుట తల్లిదండ్రుల విధియని చెప్పుచున్నది. తండ్రి చేయి పట్టు విడిచినచోట ప్రభుత్వపు చేయి రావలసినదే. నాణెము మీద ఉన్నది కైసరు రూపము. బిడ్డ మీద ఉన్నది దేవుని రూపము. బిడ్డ కైసరు సొత్తు కాదు, కన్నవారి సొత్తును కాదు. మన హక్కు బిడ్డ మేలు కొరకు అప్పగింపబడిన బాధ్యత మాత్రమే.

ఇక మన ఇంటి లెక్క చూచుకొందాము. రాజ్యాంగము 30వ అధికరణము అల్పసంఖ్యాకులమైన మనకు విద్యాలయములు నడుపుకొనే హక్కును ఇచ్చినది. 2014లో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టము మైనారిటీ బడులకు వర్తించదన్నది. ప్రైవేటు బడులు నాలుగవ వంతు సీట్లు బలహీన వర్గముల పిల్లలకు ఉంచవలెనన్న నిర్బంధము ఆ తీర్పుతో మనకు తప్పినది. నిర్బంధము తప్పినది గాని క్రీస్తు ఆజ్ఞ తప్పినదా? మన గేటు వద్ద పేదబిడ్డ నిలబడి ఉన్నట్లయితే, శతవార్షికోత్సవ దీపములు ఎవరి కొరకు వెలిగించుచున్నాము? అట్లే, గుర్తింపు పొందిన బడిలో సంరక్షకుని సమ్మతి లేకుండ ఏ చిన్నబిడ్డను మతబోధకు కూర్చోబెట్టరాదని 28వ అధికరణము చెప్పుచున్నది. మన హక్కు కొరకు కోర్టుకెక్కే మనము హిందూ, ముస్లిము తల్లిదండ్రుల హక్కును కూడ అంతే ప్రేమతో కాపాడవలెను.

మొన్న వేసవిలో నయాపూల్ పేవ్‌మెంటు మీద పండ్లు అమ్ముకొనే ఒక తల్లి బడి దరఖాస్తు తెచ్చి నా చేతిలో పెట్టినది. "అయ్యగారూ, నాకేం తెలుస్తది, మీరే ఏదో ఒకటి రాయుండ్రి" అన్నది. ఆమె హక్కును నా చేతికి ఇచ్చివేయుచున్నదని ఆమెకు తెలియదు. తొందరలో రాసివేయబోయి ఆగినాను. ఒక్కొక్క గడి చదివి వినిపించినాను. మాధ్యమము అన్నచోట ఆమె అడిగినది: "ఇంగ్లీషు కావాలె అయ్యగారూ. కానీ పిల్లకు సమజ్ గాకపోతే మన మాటల చెప్తరా? లేకుంటే బెదిరిపోతది." ఏ ప్రభుత్వమును అడుగని ప్రశ్న అది. బిడ్డను ఎరిగిన తల్లియే అడుగగలదు. ఆ ప్రశ్నను మేమిద్దరము బడికి తీసికొని వెళ్లినాము.

తల్లిదండ్రులారా, సంతకము పెట్టి ఊరకుండవద్దు. బడి గడప తొక్కండి, అడగండి. సంఘ పెద్దలారా, చదువురాని తల్లి పక్కన కూర్చుండి దరఖాస్తు చదివి వినిపించండి. నూరేండ్లు మనలను నడిపించిన దేవుడు మన బిడ్డలను ఆయన రూపములోనే పెంచే కృప మనకు దయచేయును గాక. ఆమేన్.