వెలలేని విద్యుత్తు, వెలగల జలము



కొఱత పడిన సరకు వెల పెరుగును, వెల తగ్గిన సరకును కొనువారు పెరుగుదురు. ఇది సంతలో తిరిగిన వారందఱు నెఱిగినదే. శక్తి విషయమున మాత్రము ఈ సూత్రము కొంత వంకరదారి పట్టును. శక్తిని ఎవ్వరును శక్తి కొఱకు కొనరు, దానివలన జరుగు పనికొఱకు కొందురు. మెట్టరైతునకు కరెంటు కావలసినది నీటి కొఱకే.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు గోదావరి డెల్టాలో నీరు పల్లమెఱిగి తానే చేలకు పారుచున్నది. అనంతపురము, మహబూబునగరము మెట్టలలో ప్రతి చుక్కను పైకి తోడవలసినదే. ఈ వ్యత్యాసమును మఱచి, ఉచిత విద్యుత్తును వట్టి దుబారా యనువారి మాట న్యాయము కాదు.

ఆంధ్రప్రదేశములో 1980 దశకమున పంపుసెట్లకు యూనిట్ల లెక్క పోయి, అశ్వశక్తికింత యను సాలుసరి లెక్క వచ్చెను. 2000 ఆగస్టులో ఛార్జీల పెంపుపై హైదరాబాదున జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ప్రాణములు పోయినవి. 2004లో వ్యవసాయ విద్యుత్తు ఉచితమయ్యెను. తెలంగాణములో 2018 జనవరి 1 నుండి 24 గంటలును ఈయ నారంభించిరి.

వెల సున్న యైనంత మాత్రమున ఖర్చు సున్న యైనదా? 5 అశ్వశక్తుల మోటారు 7 గంటలు తిరిగినచో సుమారు 26 యూనిట్లు. ఆ పద్దు రైతు చిట్టాలో కానరాదు. ప్రభుత్వపు సబ్సిడీలోను, కర్మాగారముల ఛార్జీలలోను పడుచున్నది. మఱొక పద్దు నేలక్రింద పెరుగుచున్నది. కరెంటు వేళకాని వేళ వచ్చిన దినములలో రైతులు ఆటోస్టార్టర్లు అమర్చి నిద్రించిరి; మడి నిండిన పిదపను మోటారు తిరుగుచునే యుండెను. వారిని తప్పుపట్టుట యెట్లు? నడిరేయి పాములలో బడి పోయి మీట నొక్కుమనువా రెవరు? కాని నీటిమట్టము 100 అడుగులనుండి 200 అడుగులకు దిగినచో, అదే నీటిని తోడుటకు రెట్టింపు శక్తి కావలెను. బావి యెండిన బోరు, బోరెండిన మఱొక బోరు. అప్పుచేసి వేసిన బోరున దుమ్ము లేచిననాడు, కరెంటు బిల్లుగా కట్టని సొమ్మును ఆ కుటుంబము రిగ్గువానికిని, వడ్డీవ్యాపారికిని కట్టుచున్నది.

అట్లని రేపే మీటరు బిగించి వసూలు చేసినచో, మొదట ఆగునది ఒంటిబోరు చిన్నరైతు మోటారే. పెద్దకమతమువాడు కట్టగలడు. వరికి ఏటేట కొనుగోలు కేంద్రములు తెఱచినంత నిశ్చయముగా జొన్నకును, కందికిని తెఱచినచో, కరెంటు వెల ముట్టకయే మోటారు తిరుగు గంటలు తగ్గును. కొనువాడు లేని పంట వేయుమని మెట్టరైతునకు చెప్పుటకు ముందు ఈ పని జరుగవలసియున్నది.