బరువుల గదిలో ఒక గురువు
(ప్లాటినం జూబిలీ క్రీడా దినోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



క్రీడల సభలో గెలిచినవారిని ప్రశంసించడం ఆనవాయితీ. నేను మాత్రం, ఆట నేర్పకుండానే ఆటగాళ్లను తీర్చిదిద్దిన ఒక శిక్షకుని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాను. ఆయన పేరు బాయిడ్ ఎప్లీ. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందినవారు.

అక్కడి ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతారు. ఎదుటివారు మీదపడి నేలకూలుస్తారు. దేహబలం లేనివాడు అందులో నిలువలేడు. అయినను ఆనాటి శిక్షకులు పెక్కుమంది, బరువులెత్తితే కండలు బిగుసుకొని ఆటగాడు మందగిస్తాడని నమ్మేవారు.

ఎప్లీ పోల్‌వాల్ట్ క్రీడాకారుడు. వెన్ను దెబ్బతిన్నా బరువుల గదిని వదలలేదు. గాయపడి ఆ గదికి వచ్చిన ఫుట్‌బాల్ విద్యార్థులు ఆయనతో కలిసి సాధన చేసి, మరింత బలంగా జట్టులోకి తిరిగి వెళ్లడం సహాయ శిక్షకుడు టామ్ ఆస్బర్న్ గమనించారు. 1967, 1968లలో ఆ జట్టు ఏటా ఆరు గెలుపులు, నాలుగు ఓటములతో సరిపెట్టుకొన్నది. 1969లో ప్రధాన శిక్షకుడు బాబ్ డెవానీ ఎప్లీని నియమించారు. ఎవరి వేగమైనా తగ్గితే ఉద్యోగం ఊడుతుందన్న హెచ్చరికతో! జీతం గంటకు 2 డాలర్లు.

1970, 1971లలో ఆ జట్టు జాతీయ విజేత అయినది. గెలుపంతా బరువులదేనని నేననను. డెవానీ ప్రతిభ తక్కువదా? కాని ఎప్లీ బరువులెత్తించి ఊరుకోలేదు. పరుగును గడియారంతో, ఎగురుడును కొలబద్దతో కొలిచి, ఒక్కొక్కరి పురోగతిని వ్రాసిపెట్టారు. ఉపాధ్యాయురాలిగా నన్ను ఆకర్షించినది ఈ లెక్కే. 1978లో ఇటువంటి శిక్షకులు 76 మందితో ఆయన ఒక జాతీయ సంఘాన్ని స్థాపించారు. అప్పటి నుండి ఆ పనికి ఒక వృత్తిగా గౌరవం దక్కసాగింది.

ఇక నా సంగతి. డ్రిల్లు పీరియడ్లను పదవ తరగతి గణితానికి మళ్లించిన ఘనత నాదే. ఫలితాలు పెరిగాయి, మీ అందరి అభినందనలూ అందుకొన్నాను. ఆ ఏడే, ఒళ్లు వంచే అలవాటు తప్పిన మన బాలికలను నేరుగా కబడ్డీ పోటీలకు పంపాను. ఒక చిన్నారి మోకాలు దెబ్బతిని మూడు నెలలు కుంటుతూ బడికి వచ్చింది. సాధన లేకపోవడమే కారణమని ఎవరూ అనలేదు, ఆ తల్లి సైతం. నాకు మాత్రం ఆ అనుమానం నేటికీ తీరలేదు. ఆ పీరియడ్లను వచ్చే సోమవారం నుండి తిరిగి ఇచ్చివేస్తున్నాను. గణితం మాస్టరుగారు మన్నించాలి.

అయితే నేర్పేవారేరి? మన వ్యాయామోపాధ్యాయుని స్థానం నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్నది. జూబిలీ గుర్తుగా ముఖద్వారం కట్టిస్తామని పూర్వ విద్యార్థులు ముందుకు వచ్చారు. వారి అభిమానానికి కృతజ్ఞురాలను. ఆ సొమ్ముతో, శిక్షణ పొందిన ఒక వ్యాయామోపాధ్యాయునికి గౌరవ వేతనం ఏర్పాటు చేయవలసినదిగా వారిని ప్రార్థిస్తున్నాను. పాత గేటు ఇంకా చక్కగానే మూసుకొంటున్నది.