యాపిల్ జామ్ - మన పోపులపెట్టెలోని సుగంధాలతో

(రేడియో ప్రసంగ పాఠం)



జామ్ అనగానే అదేదో దొరల పదార్థమనీ, సీసా కొనుక్కోవలసిందే గాని ఇంట్లో మనవల్ల కాదనీ అనుకునే వారు ఇప్పటికీ ఉన్నారు. ఏటా ఎండలు ముదిరేసరికి ఆవకాయ, మాగాయ జాడీల కొద్దీ పెట్టి, మళ్ళీ కొత్తకాయ వచ్చేవరకు చెడకుండా కాపాడుకునే కృష్ణాతీరపు ఇల్లాలికి జామ్ ఒక లెక్కలోది కాదు. ఊరగాయలో ఉప్పు, నూనె చేసే పనినే జామ్‌లో పంచదార చేస్తుంది. పండులోని నీటిని తనతో పట్టి ఉంచి, బూజుకూ, పులుపెక్కించే సూక్ష్మజీవులకూ అందకుండా చేస్తుంది. మామిడిరసంలో తీపి కలిపి, ఎండబెట్టి తాండ్ర చేసుకోవడం మనకు తెలిసిందే గదా! తాండ్రకు ఎండ ఎలాగో, జామ్‌కు పొయ్యి అలాగ. అంతే తేడా.

యాపిల్ మన నేల పంట కాదు. కాశ్మీరం నుంచీ, హిమాచల్ ప్రదేశ్ నుంచీ లారీల మీద రావాలి. హిమాచల్‌లో ఈ పంట ఇంతగా విస్తరించడానికి ఒక అమెరికా దేశస్థుడు కారణం. శామ్యూల్ స్టోక్స్ అనే ఆయన సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916 ప్రాంతంలో రెడ్ డెలిషియస్ అనే రకాన్ని తెప్పించి నాటించాడు. తరువాత స్వాతంత్య్రోద్యమంలో చేరి జైలుకు కూడా వెళ్ళాడు; సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. ఇవాళ మనం బెజవాడలో బండిమీద చూసే ఎర్రటి పండ్లలో చాలా భాగం ఆ జాతివే.

మన ఇళ్ళల్లో యాపిల్‌ను ఇన్నాళ్ళూ రోగి పథ్యంగానే చూశాం. ఎవరికైనా జ్వరం వస్తే నాలుగు పండ్లు పట్టుకొని పరామర్శకు వెళ్ళడం మర్యాద. మా కొండపల్లిలోనైనా, మీ ఊళ్ళోనైనా ఇది ఉన్నదే. ఆ వచ్చిన పండ్లు రోగి ఒకటి తిని, తక్కినవి బల్లమీద ముడతలు పడుతూ ఉంటాయి. దసరా మొదలు సంక్రాంతి లోపల పండు కాస్త చౌకగా దొరుకుతుంది. రవాణాలో దెబ్బ తగిలిన పండ్లయితే ఇంకా తక్కువకు ఇస్తారు. జామ్‌కు పనికివచ్చేవి ఇవే.

ఇక్కడే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. దెబ్బ తగిలిన పండు వేరు, కుళ్ళిన పండు వేరు. తొక్క కింద కాస్త గోధుమరంగుకు తిరిగి, తక్కినదంతా గట్టిగా ఉంటే ఆ ముక్క కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చును. మెత్తబడి, లోపల బూజు కనిపించి, ముక్కిపోయిన వాసన వచ్చే పండును మాత్రం బాగున్న సగం కోసి వేద్దామనుకోకండి. యాపిల్ కుళ్ళినప్పుడు ఒక రకం బూజు పాట్యులిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది చుట్టూ ఉన్న కండలోకీ పాకుతుంది, ఉడికించినా పూర్తిగా పోదు. పొదుపు మంచిదే. పది రూపాయలు మిగిలాయని పిల్లలకు విషం పెట్టుకోలేం గదా!

ఇక కావలసిన వస్తువులు చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. 

తొక్క, గింజలు తీసిన యాపిల్ ముక్కలు కిలో. పంచదార ముప్పావు కిలో. నీళ్ళు ఒక గ్లాసు. రసం బాగా ఉన్న నిమ్మకాయలు మూడు. దాల్చిన చెక్క వేలెడంత ముక్కలు రెండు, లవంగాలు ఆరు, ఏలకులు నాలుగు, శొంఠిపొడి అర చెంచా, జాజికాయ అరగదీసినది చిటికెడు. ఇవన్నీ మన పోపులపెట్టెలోనూ, మందుల డబ్బాలోనూ ఉండేవే. లవంగం ఎక్కువైతే పండు వాసనను మింగేస్తుంది, ఆరు దాటవద్దు.

పండ్లు నిగనిగలాడుతూ ఉంటాయి. ఆ మెరుపు చాలావరకు పైన పూసిన మైనానిది. గోరువెచ్చని నీళ్ళలో రుద్ది కడిగి తుడవండి. ముక్కలు కోసిన వెంటనే కొంచెం నిమ్మరసం చల్లితే నల్లబడవు. తీసిన తొక్కలు పారేయకండి. జామ్ గడ్డకట్టడానికి కావలసిన పెక్టిన్ అనే పదార్థం తొక్కలోనూ, గింజల చుట్టూ ఉండే గట్టి భాగంలోనూ ఎక్కువ. గింజలు మాత్రం తీసేసి, ఈ తొక్కలనూ, దాల్చిన చెక్క, లవంగాలు, చితక్కొట్టిన ఏలకులనూ పలుచని తెల్లగుడ్డలో మూట కట్టండి.

మందపాటి స్టీలు గిన్నె తీసుకోండి. కళాయి పోయిన ఇత్తడి గిన్నె పనికిరాదు. పులుపు తగిలి చిలుము దిగుతుంది. గిన్నెను ఖాళీగా ఒకసారి తూచి, ఆ బరువు రాసుకోండి. ఎందుకో తరువాత చెబుతాను. అందులో ముక్కలు, నీళ్ళు, మూట వేసి, మూతపెట్టి సన్నని సెగమీద ముక్క మెత్తబడేవరకు ఉడికించండి. పప్పుగుత్తితో మెదపండి. మూటను గరిటెతో అదిమి, పిండి తీసేయండి.

పంచదార ఇప్పుడు వేయాలి, ముందు కాదు. ముందే వేస్తే ముక్క గట్టిపడి ఉడకదు. పంచదార కరిగాక సెగ పెంచి, అడుగంటకుండా కలుపుతూ ఉండండి. చిక్కబడే కొద్దీ అది చిందుతుంది, చెయ్యి కాలుతుంది. పొడుగు కాడ గరిటె పట్టుకోండి, చంటిపిల్లలను పొయ్యి దగ్గరకు రానీయకండి. సగం చిక్కబడ్డాక తక్కిన నిమ్మరసం, శొంఠి, జాజికాయ వేయండి. ఎర్ర యాపిల్‌లో తీపే గాని పులుపు తక్కువ. పులుపు లేనిదే పెక్టిన్ పట్టుకోదు. నిమ్మరసం రుచికోసం మాత్రమే కాదు సుమా!

దించడం ఎప్పుడు? అసలు కిటుకంతా ఇందులోనే ఉంది. మూడు పరీక్షలు చెబుతాను. గరిటెతో తీసి, ఒక్క క్షణం చల్లారనిచ్చి వంచితే చుక్కలు చుక్కలుగా కాక, రెండు మూడు చుక్కలు కలిసి పొరలా జారాలి. ఇది ఒకటి. చల్లని పళ్ళెంలో కాస్త వేసి వేలితో నెడితే పైన ముడత పడాలి. ఇది రెండోది. మూడోది తూకం. గిన్నెతో సహా తూచి, ఇందాక రాసుకున్న బరువు తీసేయండి. మన లెక్కకు జామ్ కిలోంబావు, మహా అయితే కిలో మూడు వందల గ్రాములు ఉండాలి. అంతకు మించితే ఇంకా నీరు ఉన్నదన్నమాట, బూజు పడుతుంది. తగ్గితే చల్లారాక రాయి అవుతుంది. థర్మామీటరు ఉన్నవారికి మన డెల్టా ప్రాంతంలో 105 డిగ్రీల సెంటీగ్రేడు గుర్తు. ఎత్తైన ఊళ్ళలో నీరే తక్కువ వేడికి మరుగుతుంది గనుక, అక్కడ ఒకటి రెండు డిగ్రీలు తక్కువకే తయారవుతుంది.

సీసాలు, మూతలు పది నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచి, బోర్లించి, తడి పూర్తిగా ఆరనివ్వండి. ఊరగాయకు తడి ఎంత శత్రువో దీనికీ అంతే. చెక్క పీటమీద మడత గుడ్డ పరచి, వేడి సీసాలో వేడి జామ్‌నే మెడవరకు నింపి మూత బిగించండి. చల్లని సీసాలో పోస్తే పగులుతుంది. మూత తీయనంతవరకు వెలుతురు తగలని చల్లని చోట ఉంచండి. తీసిన తరువాత మాత్రం మన బెజవాడ ఎండలకు, వానాకాలపు చెమ్మకు ఫ్రిజ్‌లోనే పెట్టాలి. పొడి చెంచాయే వాడాలి.

పైన కాస్త బూజు కనిపిస్తే తీసేసి కింది జామ్ తినవచ్చునా అని చాలామంది అడుగుతారు. వద్దు. బూజు పైకి కనిపించేంతే ఉండదు. సీసా మొత్తం పారబోయండి.

"అక్కయ్యా, మా అత్తగారికి షుగరు. పంచదార సగానికి తగ్గించి చేయనా?" అని మొన్న మా వీధిలో ఒక అమ్మాయి అడిగింది. తగ్గించి చేసుకోవచ్చును, కాని అప్పుడది నిలవ ఉండే జామ్ కాదు. ఫ్రిజ్‌లో పెట్టుకొని కొద్దిరోజుల్లో తినేసే పండు ముద్ద. అది కూడా షుగరు ఉన్నవారికి మందేమీ కాదు. మనం చేసిన జామ్ ఒక పెద్ద చెంచాడు తింటే రెండున్నర, మూడు చిన్న చెంచాల పంచదార తిన్నట్టే. ఇంట్లో చేసినంత మాత్రాన తీపి చేదవదు. అత్తగారికి ఒక పండు ముక్క ఇవ్వడమే మేలు, అదీ డాక్టరు చెప్పిన మేరకు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకైనా రొట్టెమీదో, చపాతీలోనో పలుచగా రాయండి, గిన్నెలో వేసి చేతికి ఇవ్వకండి.

మరి బజారు సీసాకూ దీనికీ తేడా ఏమిటంటారా? జామ్ అనే పేరు పెట్టాలంటే చాలా పండ్లకు నూటికి 45 వంతుల పండు ఉంటే చాలునని మన ప్రభుత్వ నిబంధన. మనం ముప్పావు కిలో పంచదారకు కిలో పండు వేశాం. రంగు వేయలేదు. ఏం వేశామో మన కళ్ళకు తెలుసు.

మా కొండపల్లిలో బొమ్మలకు రంగులు వేసే పనిలో ఆడవారి చెయ్యి ఎప్పటినుంచో ఉంది. ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు గడించడం మనకు కొత్త కాదు. జామ్ బాగా కుదిరితే ఇరుగుపొరుగు వారే కొంటామంటారు. అప్పుడు ఆహార భద్రతా సంస్థ వద్ద పేరు నమోదు చేయించుకోండి. సీసామీద చేసిన తేదీ, వేసిన వస్తువులు రాయండి. చిన్న వ్యాపారమని వదిలేయవద్దు. ఒకరింటి పిల్లలు తినేది మన చేతి వస్తువు. పండు ధర ఒక్కటే లెక్క వేసుకొని, గ్యాసునూ, సీసానూ, మీ పొద్దునూ మరిచిపోకండి. మన శ్రమకు ఖరీదు లేదని మొట్టమొదట అనుకునేది మనమే!

యాపిల్ ప్రియమైతే ఇదే పద్ధతిలో జామపండుతో చేయండి. దానిలోనూ పెక్టిన్ దండిగా ఉంటుంది. గింజలు మాత్రం జల్లెడలో వడకట్టాలి. వేసవిలో నూజివీడు రసాల గుజ్జుకు ఒక పుల్లమామిడికాయ కలిపితే మరీ మంచిది. పండు ఏదైనా తూకం, పులుపు, తడి లేని సీసా, ఈ మూడూ మరువకండి.

ఉంటాను మరి. సెలవు.