జేబులో దుకాణం



1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. పత్తాలాటకు దుకాణం ఏది? ఇప్పుడది మొగని జేబులో ఉంది. ఫోన్లో పైసలు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. అయినా ఆడే మనసు ఊరుకోదు.

1957లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో కొందరు జూదరులు ఒకచోట కూర్చున్నారు. పోగొట్టుకున్నది దాచకుండా చెప్పుకున్నారు. "ఈ ఒక్కరోజు ఆడను" అనుకున్నారు. మర్నాడు మళ్లీ అదే మాట. అదే గ్యాంబ్లర్స్ అనానిమస్, అంటే పేరు బయటపెట్టని జూదరుల సంఘం. అక్కడ ఫీజు లేదు. తిట్టేవాళ్లూ లేరు. అందరూ ఓడినోళ్లే కదా! తర్వాత ఇంటివాళ్లకూ వేరే సంఘం వచ్చింది.

ఈ సంఘాల్లో చెప్పే ఒక మాట వినడానికి కష్టంగా ఉంటుంది. ఆడినవాని అప్పు ఇంటివాళ్లు తీర్చొద్దు. పుస్తెలు కుదువబెట్టి తీరిస్తే ఏమైతది? అప్పు లేదు కదా అని మళ్లీ ఆడతాడు. చేసినవాడే కొంచెం కొంచెంగా కట్టాలి. కూలి పైసలు మాత్రం ఇంటామె చేతికి రావాలి.

ఊళ్లో అట్లాంటి సంఘం లేకుంటే ముందు 14416కు ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వానిది. పైసా ఖర్చు లేదు. రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆడేవాడే చేయాలని లేదు, భార్య చేసినా వింటారు.