లిమిట్ 10 పెడితే 11వ స్టూడెంట్ సంగతేంటి?

ఈరోజు ఎపిసోడ్‌లో క్వెరీ నుంచి మనకు కావాల్సినన్ని రోస్ మాత్రమే ఎలా తెచ్చుకోవాలో చూద్దాం.

స్టూడెంట్స్ అని ఒక టేబుల్ ఉందనుకోండి. మార్కుల్లో టాప్ 10లో ఉన్నవాళ్ళకి స్కాలర్‌షిప్ ఇవ్వాలి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అయితే క్వెరీ చివర్లో లిమిట్ 10 అని రాస్తాం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సెలెక్ట్ పక్కనే టాప్ 10. ఒరాకిల్‌లో 12సీ వెర్షన్ నుంచి ఫెచ్ ఫస్ట్ 10 రోస్ ఓన్లీ. పేర్లు వేరు, పని ఒకటే.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. లిమిట్‌కి ఎన్ని కావాలో తెలుసు, ఏవి కావాలో తెలీదు. ఆర్డర్ బై లేకపోతే ఏవో 10 రోస్ ఇస్తుంది. మనం ఇన్సర్ట్ చేసిన వరుసలోనే వస్తాయని చాలామంది అనుకుంటారు. అలాంటి గ్యారంటీ ఏమీ లేదు. రేపు ఒక ఇండెక్స్ యాడ్ చేస్తే ఆ వరుస మారిపోవచ్చు. కాబట్టి ముందు ఆర్డర్ బై మార్క్స్ డిసెండింగ్, తర్వాతే లిమిట్.

ఒరాకిల్ పాత వెర్షన్లలో రోనమ్ వాడేవాళ్ళు ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. రోనమ్ నంబర్లు సార్టింగ్ కంటే ముందే పడతాయి. అందుకే సార్టింగ్‌ని లోపల సబ్‌క్వెరీలో చేసి, రోనమ్ కండిషన్‌ని బయట పెట్టాలి.

సరే, ఆర్డర్ బై పెట్టాం. అయిపోయిందా? లేదు. 10వ స్టూడెంట్‌కి 95 మార్కులు, 11వ స్టూడెంట్‌కి కూడా 95 మార్కులే. లిమిట్ 10 ఇద్దరిలో ఒకరిని తీసేస్తుంది. ఎవరిని? చెప్పలేం. ఎర్రర్ కూడా రాదు. అక్కడ ఒక పిల్లాడికి స్కాలర్‌షిప్ పోయింది, మనకేమో క్వెరీ సక్సెస్ అని కనిపిస్తుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఇద్దరికీ ఇవ్వాలంటే విత్ టైస్ వాడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, ఒరాకిల్ 12సీలో, పోస్ట్‌గ్రెస్ 13లో ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో లేదు, అక్కడ 8.0 నుంచి ర్యాంక్ ఫంక్షన్ ఉంది. ర్యాంక్ 10 లోపు ఉన్నవాళ్ళందరినీ తీసుకోవచ్చు. కచ్చితంగా 10 మందికే ఇవ్వాలంటే, ఆర్డర్ బైలో మార్కుల తర్వాత పుట్టినతేదీ లాంటి రెండో కాలమ్ పెట్టండి. అదీ కలిస్తే, చివర్లో హాల్‌టికెట్ నంబర్ లాంటి యూనిక్ కాలమ్.

ఏ కాలమ్ పెట్టాలన్నది మాత్రం మనం డిసైడ్ చేసేది కాదండీ. స్కాలర్‌షిప్ రూల్స్ పెట్టినవాళ్ళని అడగాలి. ఇంటర్వ్యూలో టాప్ 10 తీయమన్నా అంతే, "మార్కులు టై అయితే ఏం చేయమంటారు?" అని అడిగాకే క్వెరీ మొదలుపెట్టండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆఫ్‌సెట్ గురించి చూద్దాం. ఉంటానండీ, బై.