ట్రాక్టరు నీళ్లు తాగుతున్నదా?



దమ్ము రోజుల్లో గట్టు మీద తరచు వినిపించే మాట ఒకటున్నది: "మా ట్రాక్టరు నీళ్లు తాగుతోందండీ" అని. గొడ్డు తాగుతుంది గాని ట్రాక్టరు తాగదు. రేడియేటరులోని నీరు ఇంజను చుట్టూ తిరిగి, వేడిని మోసుకొచ్చి, ముందున్న సన్న గొట్టాలలో గాలికి చల్లబడి, మళ్లీ ఇంజనులోకి పోతుంది. ఈ తిరుగుడులో ఖర్చయ్యేది ఏమీ లేదు. రోజూ పొయ్యవలసి వస్తున్నదంటే, ఆ నీరు యెక్కడికో పోతున్నదన్నమాట. అది యెక్కడికో కనిపెట్టకుండా సామాను మార్చకూడదు. ఇవాళ నేను మీతో చెప్పదలచింది ఇదే.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. నేను వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణి, మెకానిక్కును కాను. కొన్నేళ్ల కిందట సార్వా దమ్ముల్లో, డెల్టాలోని ఒక గ్రామంలో, ఒక పెద్ద రైతు ట్రాక్టరు పొలం మధ్యలో మరిగి ఆగిపోయింది. వంగి చూశాను. రేడియేటరు అడుగున చుక్కలు కారుతున్నాయి. "రేడియేటరు పోయింది బాబాయిగారూ, మార్చెయ్యండి" అన్నాను. ఆయన నా మాట నమ్మి పట్నం పోయి కొత్తది తెచ్చి వేయించుకున్నారు. మూడో రోజున బండి మళ్లీ మరిగింది. అప్పుడొచ్చిన ముసలి మెకానిక్కు ఇంజను ఆయిలు గేజీ లాగి నా ముందు పెట్టాడు. ఆయిలు పాలు కలిపిన టీ లాగా వున్నది. హెడ్ గాస్కెట్టు పోయి నీరు ఆయిలులో కలుస్తున్నది. ఆ ఆయిలుతో నడపబట్టి బేరింగులు కూడా దెబ్బతిన్నాయి. ఇంజను మొత్తం విప్పవలసి వచ్చింది. ఈలోగా నారు ముదిరిపోయింది. ఆ నారే నాటారు, పిలకలు సరిగా రాలేదు.

నేను చూసిన కారుడు అబద్ధం కాదు. కాని ఒక లోపం కనబడగానే వెతకటం మానేశాను. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చూసిందే కదండీ చెప్పారు" అన్నారు. నాకు అదే పెద్ద దెబ్బ.

కాబట్టి సోదరులారా, నీరు తగ్గుతున్నదని తెలియగానే తెల్లవారుజామున, ఇంజను పూర్తిగా చల్లగా వున్నప్పుడు, వరుసగా యీ పనులు చెయ్యండి.

ఒకటి: రాత్రి బండి కింద పాత కాగితమో అట్టముక్కో పరచి వుంచండి. పొద్దున తడి యెక్కడున్నదో దానికి సరిగ్గా పైన చూడండి. రబ్బరు గొట్టాలు ఉబ్బాయా, పగిలాయా, క్లిప్పులు వదులయ్యాయా చూడండి. నీటి పంపు కింద చిన్న రంధ్రం వుంటుంది. అక్కడినుంచి కారితే పంపు సీలు పోయిందని గుర్తు. రేడియేటరు రేకుల మీద తెల్లని గాని, తుప్పురంగు గాని మరక కట్టివుంటే అక్కడ సన్నగా కారుతున్నట్టు.

రెండు: రేడియేటరు మూత లోపలి రబ్బరు చూడండి. అది పాడైతే వేడెక్కినప్పుడల్లా నీరు పక్క గొట్టం గుండా పోతుంది. మూత ఖరీదు తక్కువ, అది చేసే నష్టం యెక్కువ.

మూడు: ఆయిలు గేజీ లాగి చూడండి. ఆయిలు మజ్జిగలాగా తెల్లబడితే బండి స్టార్టు చెయ్యవద్దు.

నాలుగు: ఆయిలు బాగానే వుంటే, చల్లని ఇంజనుకు మూత తీసి స్టార్టు చేసి నీటిలోకి చూడండి. మొదటినుంచీ బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్టునో, హెడ్డు పగిలిందేమోననో అనుమానించాలి.

ఇంతకూ తేలకపోతే మెకానిక్కు దగ్గర గేజీ వున్న చేతిపంపు వుంటుంది. దాన్ని రేడియేటరు మూతికి తగిలించి, మూత మీద రాసివున్న ఒత్తిడి మించకుండా గాలి కొట్టిస్తే, ముల్లు దిగుతున్నదా లేదా తెలుస్తుంది. ముల్లు దిగుతూ బయట యెక్కడా తడి కనబడకపోతే, నీరు లోపలికి పోతున్నట్టే.

నీరు తగ్గకుండానే ఇంజను మరుగుతున్నదా? అది వేరే జబ్బు. కేజ్ వీల్స్ చిమ్మిన బురద, నూర్పిళ్లలో పడిన పొట్టు రేకుల సందులు మూసివేస్తాయి. లోపలివైపునుంచి నీటిధార మెల్లగా కొట్టి కడగండి. ధార గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి. ఫ్యాను బెల్టు వదులేమో కూడా చూడండి. వేడి నీటి కాగుకు సున్నపు పొర పట్టినట్టే, ఉప్పు బోరు నీటికి గొట్టాల లోపల పొర పడుతుంది. ఇక థర్మోస్టాటు. చాలామంది దాన్ని తీసి పారేస్తారు. అది తప్పు. తీసి గిన్నెడు నీటిలో వేలాడదీసి కాచండి. నీరు మరిగేలోగా తెరుచుకుంటే మంచిదే, తిరిగి వెయ్యండి. తెరుచుకోకపోతే కొత్తది కొనండి.

రేడియేటరులోనే లోపమని తేలిందనుకోండి. విప్పిన తరువాత దాని మూతులు బిగించి, తొట్టిలో ముంచి, కొద్ది గాలి పెట్టించండి. సైకిలు ట్యూబు పంచరు చూసినట్టే బుడగ వచ్చిన చోటు కనబడుతుంది. రాగి, ఇత్తడి రేడియేటరైతే టంకంతో అతికించవచ్చు. అల్యూమినియం దానికి మామూలు టంకం పట్టదు. దారిలో పసుపు వేసి కారుడు ఆపినవారున్నారు. అది ఇల్లు చేరటానికే. తరువాత ఆ ముద్ద మంచి గొట్టాలను కూడా పూడ్చేస్తుంది.

కొత్తది వేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. వేడి ఇంజను మీద మూత తియ్యవద్దు. లోపల ఒత్తిడి వుంటుంది గనుక 100 డిగ్రీలు దాటినా నీరు మరగదు. మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖాన చిమ్ముతుంది. బ్యాటరీ తీగ విప్పండి. పాతది నిట్టనిలువుగా లేపండి. ఫ్యాను రెక్క తగిలితే కొత్తదైనా చిల్లి పడుతుంది. ఇంజను లోపల నీరు పారించి తుప్పంతా కడిగిన తరువాతే కొత్తది బిగించాలి, లేకపోతే ఆ తుప్పే పోయి దానిలో అడ్డం పడుతుంది. కూలెంటు మీ ట్రాక్టరు పుస్తకంలో చెప్పిన పాళ్లలో శుద్ధజలంతో కలపండి. కలిపి అమ్మేదైతే మళ్లీ నీరు కలపవద్దు. మూత తీసివుంచి ఇంజను నిదానంగా నడిపితే లోపలి గాలి పోయి మట్టం దిగుతుంది. అప్పుడు నింపి మూత బిగించండి. మర్నాడు పొద్దున మట్టం మళ్లీ చూడండి. ఆయిలు గేజీ కూడా చూడండి.

చివరిగా ఒక హెచ్చరిక. తీసిన పాత కూలెంటు కాలువలో గాని పశువుల చావడి దగ్గర గాని పొయ్యవద్దు. కూలెంట్లలో తరచు వాడే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుంటుంది. గొడ్డూ కుక్కా ఆశగా తాగుతాయి, మూత్రపిండాలు చెడి చచ్చిపోతాయి. పళ్లెంలో పట్టి, డబ్బాలో పోసి, మూత బిగించి, పిల్లలకు అందని చోట పెట్టి, మెకానిక్కు షెడ్డుకు అప్పగించండి.

దమ్ము మొదలుకాక ముందే ఒక ఉదయం దీనికి కేటాయించండి. ఒక లోపం దొరికినా వరుస పూర్తయ్యేదాకా వెతకండి. నేను ఆనాడు చెయ్యని పని అదే.