మార్చిన మోకాలు మరల నొచ్చినచో

అరిగిన మోకాలి కీలును తొలగించి లోహముతోను ప్లాస్టిక్కుతోను చేసిన కీలు నమర్చుట నేడు క్రొత్త విద్య కాదు. 1974లో న్యూయార్కు నగరమున ఇన్సాల్ బృందము వాడుకలోనికి తెచ్చిన కీలే నేటి కీళ్లలో పెక్కింటికి మూలము. మంచమునకు అంటుకొనిపోయిన వారెందరో దీనివలన మరల నడచుచున్నారు. అయినను నూటికి ఒకరిద్దరికి ఆ కీలులో సూక్ష్మజీవులు చేరి చీము పట్టుట కలదు. ముఖ్యముగా దానిని గూర్చియే నేడు చెప్పదలచితిమి.

శస్త్రచికిత్స జరిగిన తొలి వారములలో నొప్పి, వాపు సహజములు. మోకాలు కొన్ని నెలలు వెచ్చగా నుండుటయు కద్దు. కాని యివి క్రమముగా తగ్గుచుండవలెను. తగ్గిన నొప్పి మరల హెచ్చుట, పడుకొన్నను సలుపుట, కుట్టువేసిన చోట చెమ్మ ఆరకుండుట ఉపేక్షింపదగినవి కావు. "జ్వరము లేదు గదా" యని ఊరకుండువారిని మేము తరచుగా చూచుచున్నాము. జ్వరము రాకయే కీలు చెడవచ్చును. ఏండ్లు గడచిన పిదప కాలిపుండునుండి నెత్తురు ద్వారా సూక్ష్మజీవులు వచ్చి చేరుటయు కలదు.

ఇట్టియెడ ఇంటివారు మందుల అంగడికి పోయి నాలుగు యాంటీబయాటిక్ బిళ్ళలు తెచ్చి మ్రింగింతురు. ప్రేమతో చేయు పనియే. కాని చిక్కంతయు అచ్చటనే మొదలగును. సూక్ష్మజీవులు లోహముపై జిగటపొర నల్లుకొని దాని మాటున దాగియుండును. బిళ్ళలకు నొప్పి కొంత తగ్గునే కాని అవి చావవు. పైగా తరువాత కీలునీరు తీసి కల్చరు పరీక్ష చేసినను ఏ జీవియో తెలియకపోవచ్చును. కావున రోగి అపాయస్థితిలో లేనప్పుడు ముందు రక్తపరీక్ష, పిదప సూదితో కీలునీరు తీయుట, ఆ తరువాతనే మందు. ఇదివరకే బిళ్ళలు వాడియున్నచో ఆ మాట వైద్యునికి దాచక చెప్పవలెను.

బాధ మొదలైన రెండు మూడు వారములలో వచ్చినవారికి కీలును తెరచి, శుభ్రముగా కడిగి, నడుమనున్న ప్లాస్టిక్కు పలకను మార్చి, లోహభాగములను నిలుపుకొను అవకాశము కలదు. జాగు చేసినవారికి తరచుగా అన్నియు తీసివేయవలసి వచ్చును. మందు కలిపిన సిమెంటు దిమ్మెను తాత్కాలికముగా నుంచి, వారముల తరబడి ఔషధమిచ్చి, చీము పోయెనని నమ్మకము కుదిరిన పిమ్మట క్రొత్త కీలు నమర్తురు. ఈ రెండంచెల పద్ధతిని 1983లో ఇన్సాల్ బృందమే ప్రకటించినది. పద్ధతి మంచిదే, నడుమనున్న ఆ నెలలు మాత్రము రోగికి మిక్కిలి కష్టకాలము.

అరుదైన చిక్కులు మరికొన్ని కలవు. శస్త్రచికిత్సానంతరము పాదము చల్లబడి పాలిపోయినచో మోకాలి వెనుక ధమనికి దెబ్బ తగిలియుండవచ్చును. అప్పుడు గంటలే లెక్క, తెల్లవారనిమ్మనరాదు. పాదమును పైకెత్తలేకున్నచో నరము నొక్కుకొన్నదేమో చూడవలెను. వెంటనే కట్టు వదులుచేసి మోకాలిని కొంచెము వంచి యుంచుదురు. నెలలమీద పెక్కుమందికి కొంతయో పూర్తిగనో బలము తిరిగి వచ్చును. కుర్చీనుండి లేచునపుడు కొందరికి చిప్పవద్ద టక్కుమని పట్టి విడుచును. వినుటకు భయము గొల్పినను అది చిప్ప పైయంచున పెరిగిన కండముడి మాత్రమే. బాధించినచో చిన్న రంధ్రము ద్వారా దానిని కోసివేయుదురు.